1967 మస్టాంగా, 2018 మస్టాంగా: ముప్పై వేల డాలర్లతో ఏది కొనాలి?

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ఇల్లు కొనుక్కుని, పిల్లలు కాస్త ఎదిగాక, ఇక తమ కోసం ఒక వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కారు తెచ్చుకుందామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో నలుగురు కలిసినప్పుడు ఆ మాట వస్తే ప్రశ్న ఇంచుమించు ఒకేలా ఉంటుంది. "ఓ ముప్పై వేలు పక్కన పెట్టాను. పాత ఫోర్డ్ మస్టాంగ్ కొననా, ఈమధ్య మోడల్ కొననా?"

ప్రశ్నలో న్యాయం ఉంది. ఆ డబ్బుకి ఇప్పుడు రెండూ దొరుకుతాయి. ఒకటి, 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్‌తో మంచి రన్నింగ్ కండిషన్‌లో ఉన్న 1967 మస్టాంగ్ హార్డ్‌టాప్. రెండోది, కొన్ని వేల మైళ్లు తిరిగిన 2018 మస్టాంగ్ జీటీ, కొయోటీ అని పిలిచే 5 లీటర్ల వీ8తో. పేరు ఒకటే, ముందు గ్రిల్ మీద గుర్రం బొమ్మ ఒకటే, ధర కూడా దగ్గరదగ్గరే. కానీ ఇంటికి తెచ్చాక ఈ రెండు బండ్లు మీ దగ్గర్నుంచి అడిగేవి వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉండాలి. పాత బండిని పెట్టుకోవడానికి మూసి ఉండే గరాజ్ ఉండాలి. స్పానర్ పట్టుకోవడం మీకు ఇష్టమై ఉండాలి, లేదా కార్బురేటర్ తెలిసిన మెకానిక్ అరగంట దూరంలో ఉండాలి. ఈ మూడూ ఉంటే 1967 కొనండి, సంతోషంగా ఉంటారు. ఒక్కటి తగ్గినా 2018 కొనండి. వేగం, మోత, అందం గురించి జరిగే వాదనలన్నీ ఈ మూడు ప్రశ్నల తర్వాతే.

అంకెలు ఎందుకు మోసం చేస్తాయి

మజిల్ కారు, అంటే మామూలు కారులో పెద్ద ఇంజిన్ పెట్టే పద్ధతికి ఊపు తెచ్చింది 1964 పాంటియాక్ జీటీఓ. మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఒక నియమం ఉండేది. పాంటియాక్ ఇంజినీర్లు, వాళ్లలో జాన్ డిలోరియన్ ఒకరు, 389 ఇంజిన్‌ను కొత్త మోడల్‌గా కాకుండా టెంపెస్ట్ లెమాన్స్ కారుకు ఒక ఆప్షన్‌గా చేర్చి ఆ నియమాన్ని దాటేశారు. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ మస్టాంగ్‌ను 2,368 డాలర్ల ధరకు విడుదల చేసింది. నిక్కచ్చిగా చెప్పాలంటే మస్టాంగ్‌ది పోనీ కారు వర్గం, అంటే చిన్న సైజు స్పోర్టీ కారు. అయినా పెద్ద ఇంజిన్ వేసిన మస్టాంగ్‌ను మజిల్ కారు అనడానికి ఈరోజు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఆ కాలపు బ్రోచర్లలో కనిపించే హార్స్‌పవర్ అంకెల్ని ఈనాటి అంకెల పక్కన పెట్టకూడదు. అప్పట్లో ఇంజిన్‌ను స్టాండ్ మీద పెట్టి, కారులో ఉండే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటివి లేకుండా కొలిచేవారు. దాన్ని గ్రాస్ లెక్క అంటారు. అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్క 1972 మోడళ్ల నుంచి పరిశ్రమ అంతటా వచ్చింది. తేడా ఎంతో తెలియాలంటే 1971 షెవర్లే కార్వెట్ ఎల్‌టీ-1 చూడండి. అదే ఇంజిన్‌కు గ్రాస్ 330, నెట్ 275.

1967 మస్టాంగ్‌లో రెండు బారెళ్ల (గాలి దారుల) కార్బురేటర్ ఉన్న 289కి 200 హార్స్‌పవర్, నాలుగు బారెళ్లదానికి 225, రెండూ గ్రాస్ లెక్కే. 2018 జీటీకి నెట్ లెక్కలోనే 460. మొన్నమొన్నటి దాకా అమ్మిన వీ6 టొయోటా క్యామ్రీ కూడా 301 హార్స్‌పవర్‌తో సిగ్నల్ దగ్గర చాలా పాత మజిల్ కార్లను వెనక్కి నెట్టేస్తుంది. కాబట్టి వేగమే కావాలంటే ఆలోచించాల్సిన పని లేదు, కొత్తదే.

అయితే వేగం వేరు, నడిపిన సంతోషం వేరు. 2018 జీటీ మాన్యువల్ రెండో గేరులోనే గంటకు 70 మైళ్లు దాటుతుంది. దాని అసలు సత్తా పబ్లిక్ రోడ్డు మీద చూడాలంటే లైసెన్సు పోగొట్టుకోవాలి. 1967 మస్టాంగ్ 40 మైళ్ల వేగంలోనే మనిషిని పూర్తిగా పనిలో పెడుతుంది. స్టీరింగ్ కొంచెం కొంచెం సర్దుతూ ఉండాలి, బ్రేక్ ముందే ఆలోచించి వేయాలి, ఇంజిన్ గొంతు విని గేరు మార్చాలి. కాలనీ రోడ్డు మీద కూడా బండి నడుపుతున్నామన్న స్పృహ ఉంటుంది. పాత కార్ల మీద నాకున్న ప్రేమకు ఇదే కారణం. కొత్త కారు ఎంత గొప్పదైనా ఈ ఒక్కటి తక్కువ వేగంలో ఇవ్వలేదు.

బ్రేకులు, బెల్టులు, పెట్రోల్ ట్యాంకు

ఈ భాగాన్ని అమ్మేవాళ్లు ఎవరూ వివరంగా చెప్పరు. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

1966 దాకా వచ్చిన మస్టాంగ్‌లో బ్రేకు మాస్టర్ సిలిండర్‌కు ఒకే సర్క్యూట్. ఎక్కడైనా ఒక్క పైపు లీకయితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, పెడల్ నేలకు తగులుతుంది. 1967 నుంచి ముందు చక్రాలకు, వెనక చక్రాలకు వేర్వేరు సర్క్యూట్లు వచ్చాయి. పోలికకు 1965ను కాకుండా 1967ను తీసుకోవడానికి ఇది ఒక కారణం. 1965, 66 మోడల్ మీద మనసు పడితే డ్యూయల్ మాస్టర్ సిలిండర్ బిగించాకే రోడ్డెక్కించండి.

1967లో కూడా ముందు డిస్క్ బ్రేకులు ఆప్షన్ మాత్రమే. మామూలుగా నాలుగూ డ్రమ్ములే. కొండ దిగుతూ పదేపదే బ్రేక్ వేస్తే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. నీళ్లలోంచి వెళ్లాక మొదటిసారి వేసిన బ్రేకు ఒక పక్కకు లాగొచ్చు. 2018 జీటీలో నాలుగు డిస్కులు, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ ఉంటాయి. పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న బండికి ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు. ఈ విషయంలో రెండింటికీ పోలికే లేదు.

అమెరికాలో ముందు సీట్లకు భుజం బెల్టు తప్పనిసరి అయింది 1968 జనవరి 1 నుంచి. అంతకుముందు బండ్లలో నడుము బెల్టే. పిల్లలున్న ఇంట్లో ఇది పెద్ద విషయం. బూస్టర్ సీటుకు నడుముతో పాటు భుజం మీదుగా వచ్చే బెల్టు కావాలి. 1967 వెనక సీట్లో అది లేదు. మూడు పాయింట్ల బెల్టులు విడిగా కొని బిగించుకోవచ్చు, కానీ వాటిని పట్టి ఉంచే చోట లోహం గట్టిగా ఉందో లేదో తెలిసిన మనిషి చూడాలి. 2018 వెనక సీట్లు ఇరుకే అయినా చైల్డ్ సీటు కొక్కేలు ఉంటాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలతో వారాంతాల్లో తిరగాలన్నది మీ ఆలోచనైతే నేను 1967ను సిఫారసు చేయను.

ఇంకొకటి. ఆ తరం మస్టాంగుల్లో పెట్రోల్ ట్యాంకు పై భాగమే డిక్కీ నేల. డిక్కీకి, వెనక సీటుకు మధ్య గట్టి ఉక్కు గోడ కూడా లేదు. వెనక నుంచి ఎవరైనా గట్టిగా గుద్దితే పెట్రోల్ లోపలికి వచ్చే ప్రమాదం ఉంది. వెనక సీటు వెనకాల బిగించే ఉక్కు పలకలు దొరుకుతున్నాయి. కొన్న వెంటనే చేయించాల్సిన పనుల్లో దాన్ని పైన రాసుకోండి.

హైవే విషయం కూడా చెప్పాలి. పాత ఆటోమేటిక్‌లకు మూడే గేర్లు, ఓవర్‌డ్రైవ్ లేదు. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.55 ఉంటే 70 మైళ్ల వేగంలో ఇంజిన్ 3,200 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 2018లో వచ్చిన పది గేర్ల ఆటోమేటిక్ అదే వేగంలో 1,800 దగ్గర ఉంటుంది. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా 3,200 ఆర్‌పీఎం మోతలో, ఏసీ లేకుండా, జులైలో వెళ్తే దిగాక చెవుల్లో ఆ హోరు చాలాసేపు ఉంటుంది. పాతదానికి గ్యాలన్‌కు 13, 14 మైళ్లు వస్తే మంచి మైలేజీ.

పాతది కొనేటప్పుడు ఇంజిన్‌ను చివర్లో చూడండి

కొత్తగా కొనేవాళ్లు బానెట్ ఎత్తి క్రోమ్ మెరుపు చూసి, స్టార్ట్ చేసి ఆ మోత విని పడిపోతారు. ఇంజిన్ బాగు చేయడం సులువు. 289, 302 ఇంజిన్ల సామాను అమెరికాలో ఏ మూలన అయినా దొరుకుతుంది. బండిని నిలబెట్టేది బాడీ. మస్టాంగ్‌కు విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. దానికి తుప్పు పడితే మీ ముప్పై వేలు ఆ తుప్పులో కలిసిపోతాయి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ముందు అద్దం కింద, బానెట్‌కు వెనక ఉండే గాలి జాలీ. దాన్ని కౌల్ అంటారు. యాభై ఏళ్ల ఆకులు, దుమ్ము అందులో చేరి తడి నిలుస్తుంది, లోపలి రేకు చిల్లులు పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. అమ్మేవాళ్ల అనుమతి తీసుకుని ఒక సీసా నీళ్లు ఆ జాలీలో నెమ్మదిగా పోయండి. డ్యాష్‌బోర్డు కిందికి వంగి టార్చి వేసి చూడండి. కార్పెట్ మీద చుక్కలు పడితే కౌల్ పోయినట్టే. దాన్ని మార్చాలంటే పదుల కొద్దీ స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి తీయాలి, ఆపైన మళ్లీ పెయింటింగ్. అమ్మేవాళ్లు నీళ్లు పోయనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

తర్వాత కార్పెట్ ఎత్తి నేల రేకు చూడండి. ముందు చక్రాల వెనక టార్క్ బాక్సులు (నేలకు బలమిచ్చే ఉక్కు పెట్టెలు), ఇంజిన్‌కు రెండు పక్కల షాక్ టవర్లు (ముందు స్ప్రింగులను మోసే గూళ్లు), బ్యాటరీ కింద రేకు, వెనక చక్రాల పైన అంచులు, డిక్కీ మూలలు. ఒక చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి తలుపుల కింది భాగం వెంట, వెనక చక్రాల చుట్టూ జరపండి. అది పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. తలుపు తెరిచి మూసి సందులు పైనుంచి కిందికి సమానంగా ఉన్నాయా చూడండి. కన్వర్టిబుల్ అయితే జాకీ మీద లేపినప్పుడు తలుపు పట్టేస్తోందా అన్నది తప్పకుండా చూడాలి. పట్టేస్తే నడుము వంగిందని అర్థం.

బండి ఏ ఊళ్లో బతికిందన్నది సగం కథ చెబుతుంది. అరిజోనా, లోతట్టు కాలిఫోర్నియా, పశ్చిమ టెక్సాస్ బండ్లకు సీటు కవర్లు ఎండకు పగిలి ఉంటాయి, రేకు మాత్రం గట్టిగా ఉంటుంది. మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ చలికాలాల్లో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. అక్కడ మెరుస్తున్న కొత్త పెయింటు కనిపిస్తే కింద ఏముందో ఇంకా గట్టిగా వెతకాలి. పెయింటు వెలిసిపోయి రేకు బాగున్న బండిని నేను ఎప్పుడూ ముందు ఎంచుకుంటాను. మంచి పెయింటింగ్‌కే పది వేల డాలర్లు దాటుతుంది నిజమే, కానీ తుప్పు మీద వేసిన పెయింటుకు పెట్టిన డబ్బు రెండేళ్లలో ఊడి కింద పడుతుంది.

బండి తన పేరు తనే చెబుతుంది

పాత కార్లలో మామూలు మోడల్‌ను ఖరీదైన మోడల్‌లా మార్చి అమ్మడం ఎప్పటినుంచో ఉంది. 1964, 65 జీటీఓల విన్ నంబరు (ఫ్యాక్టరీ బండికిచ్చే గుర్తింపు నంబరు) చూసి అది జీటీఓ అని చెప్పలేం, ఎందుకంటే అది ఆప్షన్ మాత్రమే. 1966 నుంచి 242తో మొదలయ్యే నంబరు జీటీఓదే. షెవర్లే షెవెల్ ఎస్ఎస్ కథ దీనికి తిరగబడింది. 1966 నుంచి 68 దాకా 138తో మొదలయ్యే నంబరు ఎస్ఎస్ అని చెబుతుంది, 1969 నుంచి అది ఆప్షన్‌గా మారింది కాబట్టి నంబరు ఏమీ చెప్పదు. అలాంటి బండికి పాత కాగితాలు లేకపోతే ఎస్ఎస్ ధర ఇవ్వకండి.

మస్టాంగ్ కొనేవాళ్లకు ఈ విషయంలో పని తేలిక. నంబరులో మొదటిది మోడల్ ఏడాది, రెండోది ఫ్యాక్టరీ, తర్వాతి రెండు బాడీ, ఐదోది ఇంజిన్. 7R01C అని ఉంటే 1967లో శాన్ హోసే ప్లాంటులో చేసిన హార్డ్‌టాప్, రెండు బారెళ్ల 289. ఐదో అక్షరం ఏ అయితే నాలుగు బారెళ్లది, కే అయితే 271 హార్స్‌పవర్ల అరుదైన హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్. టీ అని ఉంటే ఆరు సిలిండర్లతో పుట్టిన బండి, వీ8 తర్వాత వేశారు. ఆరు సిలిండర్ల బండికి చక్రానికి నాలుగే నట్లు ఉంటాయి, వీ8కి ఐదు. ఇంజిన్ మార్చి, బ్రేకులు, వెనక యాక్సిల్ మార్చకుండా వదిలేసిన బండ్లు మార్కెట్లో తిరుగుతున్నాయి. తలుపు మీది ప్లేటు కొత్తది చేయించి బిగించడం సులభం కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. బానెట్ కింద డ్రైవర్ వైపు రేకు మీద కొట్టిన నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) కాగితం మీది నంబరు అక్షరం అక్షరం కలవాలి. 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్టు కూడా దొరుకుతుంది. మీ బండి ఏ రంగుతో, ఏ ఆప్షన్లతో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిందో అందులో ఉంటుంది. 1967 ఎంచుకోవడానికి అది ఇంకో కారణం.

ఆ రెండో అక్షరం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. టీ అంటే మెటుచెన్ ప్లాంటు. అది న్యూజెర్సీలో రూట్ 1 పక్కన, ఎడిసన్‌లో ఉండేది. ఆర్ అంటే శాన్ హోసే అని రాసినా ప్లాంటు ఉన్నది మిల్పిటాస్‌లో, 1983లో మూతపడ్డాక అదే కట్టడం గ్రేట్ మాల్ అయింది. ఈ రోజు మనవాళ్లు ఇంతమంది ఉంటున్న ఈ రెండు ఊళ్లలోనూ ఆ మస్టాంగులు తయారయ్యాయి. ఎడిసన్‌లో ఇల్లున్న మనిషి ఎడిసన్‌లో పుట్టిన మస్టాంగ్ కోసం వెతకడం నాకైతే చాలా బాగుంటుంది.

మెయింటెనెన్స్

1967 బండికి కొన్ని నెలలకోసారి ఏదో ఒక చిన్న పని తగులుతుంది. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ సరిచేయడం, టైమింగ్ చూడడం, కార్బురేటర్ చోక్ సర్దడం. నెల రోజులు నిలబెడితే ఈనాటి పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, వాటిని ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలతో మార్చాలి. అసలు ఇంజిన్ అలాగే ఉంటే జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి. ఆ కాలపు ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌షాఫ్ట్‌లకు ఈనాటి మామూలు ఆయిల్ చాలదు, క్యామ్ అరిగిపోతుంది. అప్పటి సీసం కలిసిన పెట్రోల్ ఇప్పుడు లేదు కాబట్టి సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేశారా అని కూడా అడగండి.

ఇదంతా చదివి భయపడకండి. వీటిలో ఏ పనికీ కంప్యూటర్ అక్కర్లేదు, సామాను చవక. 1967 మస్టాంగ్‌కు ఇప్పటికీ తయారుకాని భాగం దాదాపు లేదు. ఫోర్డ్ అనుమతితో డైనకార్న్ అనే సంస్థ మొత్తం బాడీనే కొత్తగా చేసి అమ్ముతోంది. మొదటి పాత కారుగా మస్టాంగ్ కానీ మొదటి తరం షెవర్లే కమారో కానీ చెప్పడానికి అదే కారణం. అరుదైన మోడల్ కొంటే ఒక టెయిల్ ల్యాంపు కోసం ఆరు నెలలు ఎదురుచూడాల్సి రావచ్చు.

2018కి ఆయిల్, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు. అంతే. ఏదైనా మాడ్యూల్ పోయినప్పుడు మాత్రం మీరు చేయగలిగింది తక్కువ, బిల్లు ఎక్కువ. కొనేముందు అసలు సమస్య పాత ఓనరే. జీటీలను చాలామంది రేస్ ట్రాక్ మీద, ఖాళీ పార్కింగ్‌లలో బాదేస్తారు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ చేసి మళ్లీ మామూలుగా మార్చి అమ్ముతారు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మార్చిన బండిని వదిలేసి, అన్నీ ఫ్యాక్టరీవే ఉన్న బండి కోసం ఇంకో నెల ఆగండి. మాన్యువల్ అయితే ఆరో గేరులో 50 మైళ్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. శాల్వేజ్ టైటిల్ (పెద్ద ప్రమాదంలో దెబ్బతిన్న బండికి వచ్చే కాగితం) ఉన్నదాని జోలికి వెళ్లకండి.

డబ్బు

పాతదాన్ని పెట్టుబడి అనుకుని కొనకండి. మామూలు 289 హార్డ్‌టాప్ ధర పడిపోదు, అలాగని ఎగిరిపోదు. మీరు పెట్టే మరమ్మతు ఖర్చు అమ్మేటప్పుడు సగం కూడా తిరిగి రాదు. 2018 జీటీ మొదటి పెద్ద తరుగుదల ఇప్పటికే అయిపోయింది, ఇక నెమ్మదిగా తగ్గుతుంది. రెండూ సరదా కోసం పెట్టే ఖర్చే.

ఇన్సూరెన్స్‌లో మాత్రం పాతది గెలుస్తుంది. హాగర్టీ లాంటి సంస్థలు అంగీకరించిన విలువ మీద పాలసీ ఇస్తాయి. బండి పూర్తిగా పోతే ముందుగా రాసుకున్న మొత్తం ఇస్తారు, తరుగుదల లెక్క ఉండదు. ప్రీమియం తక్కువ. షరతులు కూడా ఉంటాయి. రోజువారీ కారు వేరే ఉండాలి, బండి గరాజ్‌లో ఉండాలి, ఆఫీసుకు వేసుకెళ్లకూడదు. మామూలు పాలసీలో పాత కారును చేర్చకండి, ప్రమాదం జరిగితే వాళ్లు దాన్ని యాభై ఏళ్ల సెకండ్‌హ్యాండ్ కారుగానే లెక్కగట్టే ప్రమాదం ఉంది. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ (పొగ) పరీక్ష లేదు, అది ఇంకో సౌకర్యం.

ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఒకసారి తమ హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) నిబంధనలు చదువుకోవాలి. డ్రైవ్‌వేలో బండిని స్టాండ్ల మీద నిలబెట్టి పని చేయడాన్ని చాలా కాలనీలు ఒప్పుకోవు. రెండు కార్ల గరాజ్‌లో ఇప్పటికే రెండు కార్లు ఉంటే 1967 ఎక్కడ ఉంటుందో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

పాత బాడీ, కొత్త సామాను

ఇంకో దారి ఉంది, రెస్టోమాడ్ అంటారు. పాత బాడీలో కొత్త ఇంజిన్, కొత్త సస్పెన్షన్. వినడానికి అన్ని సమస్యలకూ జవాబులా ఉంటుంది. కొయోటీ ఇంజిన్‌ను 1967లో పెట్టాలంటే అది వెడల్పైనది కాబట్టి మామూలుగా షాక్ టవర్లు కోసి, ముందు సస్పెన్షన్ అంతా మార్చాలి. ముప్పై వేల బడ్జెట్‌లో అది జరగదు.

జరిగేది చిన్న రెస్టోమాడ్. అసలు 289 అలాగే ఉంచి, ముందు డిస్క్ బ్రేకులు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మూడు పాయింట్ల బెల్టులు, ఐదు గేర్ల ట్రెమెక్ గేర్‌బాక్స్, శాన్ ఆంటోనియోలో ఉన్న వింటేజ్ ఎయిర్ కంపెనీ ఏసీ. ఇవన్నీ కోతలు లేకుండా బిగించవచ్చు, తీసేసిన భాగాలను పెట్టెలో దాచుకుంటే ఎప్పుడైనా వెనక్కి మార్చవచ్చు. బండికి 22 వేలు, ఈ పనులకు 8 వేలు అని బడ్జెట్ విడదీయమని నా సలహా. ఇవి ఇప్పటికే నీట్‌గా చేసి ఉన్న బండి దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే పాత ఓనర్ ఖర్చులో కొంత మీకు కలిసొస్తుంది.

కొత్తవాటిలో ఏది

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2015లో మస్టాంగ్ అన్ని మోడళ్లకూ ఇండిపెండెంట్ (ఒక్కో చక్రం విడిగా కదిలే) వెనక సస్పెన్షన్ వచ్చింది, గతుకుల మీద నడక మారిపోయింది. 2015 నుంచి 17 దాకా 435 హార్స్‌పవర్, 2018 నుంచి 460, పది గేర్ల ఆటోమేటిక్. బడ్జెట్ తక్కువైతే 2015-17 జీటీ కూడా మంచి కొనుగోలు. కమారో తిప్పడానికి మస్టాంగ్ కంటే చురుకైనది, కానీ లోపల నుంచి బయటికి సరిగా కనిపించదు. డాడ్జ్ ఛాలెంజర్ బరువు ఎక్కువ, వెనక సీట్లు విశాలం, పిల్లలున్నవాళ్లకు అదే నయం. ఆ రెండింటి తయారీ 2023 చివర్లో ఆగిపోయింది. కొత్త డాడ్జ్ ఛార్జర్ ఎలక్ట్రిక్‌తోనూ, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బోతోనూ వస్తోంది. వీ8తో, మాన్యువల్ గేర్లతో షోరూమ్‌లో కొనగలిగే అమెరికన్ పోనీ కారు ఇప్పుడు మస్టాంగ్ ఒక్కటే. మాన్యువల్ నడపడం వచ్చినవాళ్లు మాన్యువలే తీసుకోండి.

ఇండియాకు తీసుకెళ్లవచ్చా

చాలామంది అడుగుతారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు, నంబరు ప్లేటులో వీఏ అని ఉంటుంది. దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోల్ పోయించుకోవడానికే రోడ్డెక్కించాలి, రోజువారీ వాడకం కుదరదు. హైదరాబాద్‌లో నడపాలన్నది కోరికైతే 2016 జులైలో ఫోర్డ్ 65 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు ఇండియాలో విడుదల చేసిన రైట్‌హ్యాండ్ డ్రైవ్ జీటీని సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవడం సరైన దారి. సర్వీసు ఎవరు చేస్తారో, సామాను ఎలా వస్తుందో ముందే తేల్చుకోండి. 2021లోనే ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

కొనేముందు

రెండింటినీ నడిపి చూడండి. డెట్రాయిట్ దగ్గర ట్రాయ్, నోవై ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే కార్ల ఊరేగింపులో అన్ని కాలాల బండ్లూ ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి. ఓనర్లు ఓపిగ్గా మాట్లాడతారు, అడగడానికి మొహమాటపడకండి. మిగతా ఊళ్లలో ట్యూరో లాంటి కారు అద్దె యాప్‌లో పాత మస్టాంగ్ కూడా రోజు అద్దెకు దొరుకుతుంది. దాన్ని చల్లటి ఉదయం ఖాళీ రోడ్డు మీద కాదు, ఎండాకాలం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రెండు గంటలు నడపండి. దిగాక వాళ్లు మళ్లీ ఎక్కుతామంటే మరుసటి వారమే నీళ్ల సీసా, అయస్కాంతం, టార్చి పట్టుకుని 1967ల వేట మొదలుపెట్టండి. వద్దంటే 2018 జీటీల మైలేజీ, సర్వీసు రికార్డులు చూడడం మొదలుపెట్టండి.